వెనక బ్రేకు పైపు కారుతోంది: అతుకు వేయించాలా, పైపు మార్పించాలా?

మీరు రాసినదాన్నిబట్టి బండి 2010 మోడల్ పికప్. వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున చేపలూ ఐసూ ఎక్కించుకుని పెందుర్తి, కొత్తవలస వైపు తిరుగుతుంది. వారానికోసారి బ్రేక్ ఆయిల్ పోయాల్సి వస్తోంది. పెడల్ మునుపటికన్నా లోతుకి దిగుతోంది. వెనక ఎడమ చక్రానికి కొంచెం ముందు, ఛాసిస్ లోపలివైపు తడి కనిపించింది. ఒక మెకానిక్ ఆ ముక్క కోసేసి మధ్యలో జాయింటు వేస్తే గంటలో పని అయిపోతుందన్నాడు, ఇంకొకాయన పైపులన్నీ మార్చమన్నాడు. ఎవరి మాట వినాలి?

రెండో ఆయన మాటే వినండి. కాకపోతే అన్ని పైపులూ అక్కర్లేదు. కంపెనీ ఇచ్చిన ఒక జాయింటు దగ్గర మొదలుపెట్టి కంపెనీ ఇచ్చిన తర్వాతి జాయింటు దాకా ఒకటే పైపు, మధ్యలో అతుకు లేకుండా మార్చాలి. మీ బండిలో అది ఇంజిన్ వైపు నుంచి వెనక ఆక్సిల్ మీది రబ్బరు హోసు దాకా పోయే పొడుగు పైపు. ఆక్సిల్ మీద రెండు చక్రాలకీ చీలే పొట్టి పైపులు కూడా తుప్పు పట్టి ఉంటే వాటినీ అదే రోజు మార్చేయండి. ముందు చక్రాల పైపులు శుభ్రంగా ఉంటే ముట్టుకోకండి. బాగున్న జాయింటుని విప్పితే కొత్త తలనొప్పి తెచ్చుకోవడమే.

అతుకు ఎందుకు వద్దో చెప్తాను. ఈ పైపు బయటి కొలత 4.75 మిల్లీమీటర్లు, అంగుళాల్లో చెబితే 3/16. గోడ మందం 0.7 మిల్లీమీటరు మాత్రమే. పైన పూత ఉన్నా, క్లిప్పు బిగించిన చోట బండి అదురుకి అది అరిగిపోతుంది. సరిగ్గా అక్కడే మట్టి చేరి తడి నిలుస్తుంది. మీ బండికి సముద్రపు గాలి చాలదన్నట్టు బాడీ సందుల్లోంచి చేపల ఉప్పునీరు రోజూ ఛాసిస్ మీదే కారుతుంది. తుప్పు బయటినుంచి లోపలికి తింటుంది. ఒకచోట చిల్లు పడిందంటే మిగతా క్లిప్పుల కింద కూడా గోడ పలచబడే ఉంటుంది. ఆ పాత పైపు కొస మీద కొత్తగా ఫ్లేర్ (నట్టు బిగిస్తే కారకుండా కూర్చునేలా కొసని విచ్చి చేసే అంచు) కొట్టబోతే గుంటలు పడిన చోట అంచు చీలిపోతుంది. చీలిన ఫ్లేరుని ఎంత బిగించినా ఆగదు.

ఒత్తిడి సంగతి కూడా చూడండి. లారీ టైరులో గాలి 7, 8 బార్ల దగ్గర ఉంటుంది. బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు ఈ సన్నపైపులో 70 నుంచి 100 బార్ల దాకా పోతుంది. డీజిల్ గొట్టం తొడిగి క్లిప్పులు వేయడం, చిల్లు మీద ఎం-సీల్ పూయడం, గ్యాస్ వెల్డింగు పెట్టడం, ఇవేవీ దీని ముందు నిలవవు. వెల్డింగు వేడికి పక్కనున్న గోడ కూడా పాడవుతుంది. ఇంకో రోడ్డుపక్క చిట్కా ఉంది, నట్టు లోపల బేరింగు గుండు పెట్టి వెనక లైను మూసేయడం. అలా చేస్తే ఖాళీ బండి ఆగినట్టే అనిపిస్తుంది. లోడుతో ఏదైనా దిగుడు రోడ్డులో బ్రేకు పని మొత్తం ముందు చక్రాల మీదే పడి, డిస్కులు కాగి, పెడల్ మాయమవుతుంది. అంతకన్నా బండిని లాగించుకెళ్లడం మేలు.

పైపు కొనే ముందు కారేది పైపేనని తేల్చుకోండి. చేపల బండి అడుగు ఎప్పుడూ తడిగానే ఉంటుంది కాబట్టి కంటిచూపు నమ్మడానికి లేదు. అడుగంతా మంచినీళ్లతో కడిగి ఆరబెట్టి, ఒకరు పెడల్ గట్టిగా తొక్కి పట్టుకుంటే ఇంకొకరు టార్చిలైటుతో పైపు వెంట చూడాలి. కనిపించిన తడిని వేలితో తీసి గ్లాసుడు నీళ్లలో వేయండి. బ్రేక్ ఆయిల్ అయితే నీళ్లలో కలిసిపోతుంది. గేరాయిల్, ఇంజినాయిల్ అయితే పైన తేలుతుంది. వెనక చక్రం లోపలివైపు తడి కనిపిస్తే ఈ పరీక్ష తప్పనిసరి, ఎందుకంటే ఆక్సిల్ సీలు పోయి గేరాయిల్ కారినా అచ్చం ఇలాగే కనిపిస్తుంది. డ్రమ్ము విప్పి, బ్రేకు షూలని డ్రమ్ముకి నొక్కే వీల్ సిలిండరు రబ్బరు టోపీ కొద్దిగా ఎత్తి చూడండి. లోపల తడి ఉంటే సిలిండరు కూడా పోయినట్టే.

ఆయిల్ డబ్బా కూడా ఆచూకీ చెబుతుంది. చాలా పికప్‌లలో డబ్బా లోపల మధ్యలో గోడ ఉంటుంది, ఒక గది ముందు చక్రాలకీ ఇంకోటి వెనక వాటికీ. ఏ గది మట్టం తగ్గుతోందో ఆ వైపే కారుతోంది. మట్టం తగ్గకుండా పెడల్ మాత్రం మెల్లగా కిందికి జారిపోతుంటే పైపుల జోలికి పోకండి, అది పెడల్ తొక్కితే ఆయిల్‌ని పైపుల్లోకి నెట్టే మాస్టర్ సిలిండరు లోపలి రబ్బర్ల పని. మట్టం తగ్గుతోంది, బయట ఎక్కడా తడి లేదు అంటే మాస్టర్ సిలిండరు బూస్టరుకి (కాలి బలాన్ని పెంచే డబ్బాకి) అతుక్కునే చోట వేలు పెట్టి చూడండి. ఆయిల్ బూస్టరులోకి పోతుంటే బయటికి చుక్క కూడా కనబడదు.

ఇక సామాను. మీ మోడల్‌కి కంపెనీ తయారుచేసి అమ్మే పైపు, వంపులూ నట్లూ ఫ్లేర్లూ అన్నీ ఉన్నది దొరికితే కళ్లు మూసుకుని అదే తీసుకోండి. ఈ పనిలో సగం ప్రమాదం చేత్తో కొట్టిన ఫ్లేరులోనే ఉంది. దొరక్కపోతే గాజువాక ఆటోనగర్ లాంటి చోట 4.75 పైపు చుట్ట అడగండి, కానీ బ్రేకు పైపే కావాలని గట్టిగా చెప్పండి. ఏసీ, ఫ్రిజ్ పనులకి వాడే రాగి గొట్టం చూడ్డానికి అలాగే ఉంటుంది, వంచడానికి హాయిగా ఉంటుంది, బ్రేకుకి మాత్రం పనికిరాదు. ఉత్త రాగి అదురుకి గట్టిపడి ఫ్లేరు మెడ దగ్గర పగులుతుంది. రాగిలో సుమారు పదో వంతు నికెల్ కలిపిన కుప్రోనికెల్ పైపు దొరికితే మీ బండికి ఉక్కుకన్నా అదే మేలు. తుప్పు పట్టదు, ఫ్లేరు చక్కగా వస్తుంది. మెత్తగా ఉంటుంది కాబట్టి క్లిప్పులు మాత్రం దగ్గర దగ్గరగా పడాలి.

పొడవుకి పాత పైపు వెంట వంపులతో సహా మెత్తటి ఇనప తీగ పరిచి కొలవండి. దాని మీద జానెడు ఎక్కువ తీసుకోండి. మిగిలితే కోయొచ్చు, తక్కువైతే మళ్లీ అతుకు దగ్గరికే వస్తాం. వీటితో పాటు కొత్త నట్లు, రబ్బరు మెత్త ఉన్న క్లిప్పులు, వెనక ఆక్సిల్ రబ్బరు హోసు తెచ్చుకోండి. పదిహేనేళ్ల హోసు బయటికి బాగున్నా లోపల ఉబ్బి దారి మూసేస్తుంది, చక్రం పట్టుకుపోయి వదలదు. బోల్టుతో బిగించే హోసు అయితే రాగి వాషర్లు రెండూ కొత్తవే వేయాలి. బ్రేక్ ఆయిల్ అరలీటరు సీలు డబ్బాలు రెండు. లైను నింపి, పాత ఆయిల్ అంతా తోసెయ్యడానికి లీటరు సరిపోతుంది.

నట్ల దగ్గర చాలామంది మోసపోతారు. మన బండ్లలో ఎక్కువగా కనిపించేది ఎం10 మర (10 మిల్లీమీటర్ల వ్యాసం), 1 మిల్లీమీటరు పిచ్, అంటే మరకీ మరకీ మధ్య దూరం. 3/8 అంగుళం, అంగుళానికి 24 మరల నట్టు చూపుకి దానికి కవల. వ్యాసం 9.5 మిల్లీమీటర్లే కాబట్టి ఎం10 కన్నంలో రెండు మూడు చుట్లు తిరిగి, ఆ తర్వాత బిగుస్తున్నట్టు నమ్మిస్తుంది. ఒత్తిడి పడినరోజు మరలు ఊడొస్తాయి. పాత నట్టు జేబులో వేసుకుని షాపుకి వెళ్లండి. కొత్త నట్టు పోర్టులోకి, అంటే అది బిగుసుకునే కన్నంలోకి, వేళ్లతోనే చివరిదాకా తిరగాలి.

విప్పే రోజుకి ముందు రాత్రే ప్రతి నట్టు మీదా తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేయండి. మామూలు పానా వాడితే మెత్తబడిన నట్టు మూలలు గుండ్రమైపోతాయి. బ్రేకు నట్లకి వేరే పానా ఉంటుంది, రింగు పానాలో పైపు దూరడానికి ఒకచోట సందు తెరిచినట్టుంటుంది. 10, 11 సైజులు రెండూ దగ్గరుండాలి. నట్టుతో పాటు పైపు కూడా మెలితిరుగుతుంటే ఆగిపోండి. పైపు ఎలాగూ పోయేదే కాబట్టి నట్టు దగ్గరికంటా కోసేసి, ఆరు మూలల సాకెట్టు ఎక్కించి తిప్పండి. అదే మెలి మంచి పైపు వైపు తిరిగితే దాన్ని కూడా మార్చాల్సి వస్తుంది.

లైను విప్పగానే డబ్బాలోని ఆయిల్ అంతా కారిపోతుంది. అలా కాకుండా ముందే పెడల్ మూడు నాలుగు సెంటీమీటర్లు నొక్కి, సీటుకీ పెడల్‌కీ మధ్య కర్ర అడ్డం పెట్టండి. మాస్టర్ సిలిండరులో రబ్బర్లు కన్నాలు దాటి కూర్చుంటాయి, ధార ఆగిపోతుంది. బ్రేకు లైటు అలా వెలుగుతూనే ఉంటుంది కాబట్టి బ్యాటరీ వైరు తీసెయ్యండి. పెయింటు మీద ఆయిల్ పడితే తుడవకండి, నీళ్లు పోసి కడగండి. తుడిస్తే పెయింటు కూడా గుడ్డకి వచ్చేస్తుంది.

ఇప్పుడు ఫ్లేరు. నిదానంగా చేయాల్సింది ఇక్కడే. పాత పైపు కొస శుభ్రం చేసి చూడండి. గరాటా మూతిలా విచ్చుకుని, అంచు లోపలికి మడిచి రెండు పొరలుగా ఉంటే అది డబుల్ ఫ్లేరు. ముందువైపు బుడగలా గుండ్రంగా ఉబ్బి ఉంటే బబుల్ ఫ్లేరు. పోర్టు లోపల కూర్చునే చోటు కూడా దానికి తగ్గట్టే ఉంటుంది, మొదటిదానికి పైకి పొడుచుకొచ్చిన శంకువు, రెండోదానికి గుంట. ఒకదాని బదులు ఇంకోటి కొడితే బిగించిన రోజు ఆగినట్టే ఉండి నెల తిరక్కుండా చెమర్చడం మొదలవుతుంది. ఒక్క పొరతో కొట్టే సింగిల్ ఫ్లేరు బ్రేకుల్లో ఎక్కడా వాడకూడదు.

పైపుని రంపంతో కోయకండి, ట్యూబ్ కట్టరుతో మెల్లగా తిప్పుతూ కోయండి. కొస నిలువుగా, సమంగా ఉండాలి. లోపలి అంచు గీకి నున్న చేసి, బయటి అంచుకి ఆకురాయితో కొద్దిగా వాలు ఇవ్వండి. కోతలో రాలిన పొడి గాలితో ఊదేయండి. నట్టు ఇప్పుడే, సరైన దిక్కున పైపులోకి తొడగండి. ఇది నవ్వుకునే మాటలా ఉంటుంది గానీ, అందమైన ఫ్లేరు కొట్టి, నట్టు బల్ల మీదే ఉందని చూసి మళ్లీ కోసేవాళ్లే ఎక్కువ. పైపుని పట్టి ఉంచే డైలో బిగించేటప్పుడు పైపు ఎంత బయటికి ఉండాలన్నది డబుల్ ఫ్లేరుకి కొసని నొక్కే అడాప్టరు మెట్టు ఎత్తే చెబుతుంది, మెట్టు పక్కన పెట్టి సరిచూసుకోండి. డై బిగువు చాలకపోతే పైపు వెనక్కి జారి ఫ్లేరు చిన్నదవుతుంది. కొస మీద బ్రేక్ ఆయిల్ చుక్క వేసి, ముందు అడాప్టరుతో నొక్కి, అది తీసేసి శంకువుతో నొక్కండి. చెత్త ముక్కల మీద నాలుగైదు కొట్టి, చేయి కుదిరాకే అసలు పైపు పట్టుకోండి. ఫ్లేరు ఒక పక్కకి ఒరిగినా, వెంట్రుకంత గీత ఉన్నా మొహమాటపడకుండా కోసేయండి. జానెడు ఎక్కువ తెమ్మన్నది అందుకే.

వంపులు చేత్తో మోకాలి మీద పెట్టి తిప్పితే పైపు నొక్కుకుపోతుంది, వంచే పనిముట్టు వాడండి. దారి మాత్రం పాతదే. సైలెన్సరుకీ ప్రొపెల్లర్ షాఫ్టుకీ దూరంగా, కమాన్‌పట్టీ పూర్తిగా నొక్కుకున్నా తగలకుండా ఉండాలి. దాదాపు అడుగుకో క్లిప్పు చొప్పున వేయండి. బిగించే ముందు పైపులో కొంచెం కొత్త ఆయిల్ పోసి గాలితో ఊదితే లోపలి పొడి పోతుంది.

నట్టు మొదట వేళ్లతో, తర్వాత పానాతో. టార్కు రెంచి ఉంటే 12 నుంచి 16 న్యూటన్ మీటర్ల మధ్య. చెమరుస్తుంటే కండబలం వాడకండి. కొద్దిగా వదిలి మళ్లీ బిగించడం రెండు మూడుసార్లు చేస్తే ఫ్లేరు తన చోటులో కూర్చుంటుంది. టెఫ్లాన్ టేపు చుట్టమని ఎవరైనా అంటే వినకండి. ఇక్కడ ఆయిల్‌ని ఆపేది మర కాదు, ఫ్లేరు. టేపు పీలికలు లైనులోకి పోయి సన్న కన్నాల్ని మూసేస్తాయి.

లైనులోంచి గాలి తీసే (బ్లీడింగ్) దగ్గర పికప్‌లకి ఒక చిక్కుంది. వెనక ఆక్సిల్‌కీ ఛాసిస్‌కీ మధ్య కడ్డీతోనో స్ప్రింగుతోనో కలిపిన లోడు వాల్వు చాలా బండ్లలో ఉంటుంది. లోడు తక్కువైతే వెనక బ్రేకుకి ఒత్తిడి తగ్గించడం దాని పని, లేకపోతే ఖాళీ బండిలో వెనక చక్రాలు పట్టేసి బండి తిరిగిపోతుంది. మీరు ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టి బండి ఎత్తితే ఆక్సిల్ వేలాడుతుంది, బండి మరీ ఖాళీగా ఉందనుకుని వాల్వు వెనక్కి ఆయిల్ సరిగా పోనివ్వదు. గంటసేపు తొక్కినా గాలి రావడం లేదని తలపట్టుకునేది ఇక్కడే. స్టాండ్లు ఆక్సిల్ హౌసింగు కిందే పెట్టండి, లేదా చక్రాలు నేలమీదే ఉంచండి. ముందు చక్రాలకి రెండువైపులా చెక్కలు వేయండి. ఆ కడ్డీ, స్ప్రింగు తుప్పు పట్టి బిగుసుకుంటే పైపు మార్చినా బ్రేకు సరిగా పట్టదు, కాబట్టి అది ఆడుతోందో లేదో ఇప్పుడే చూసుకోండి. కడ్డీ పొడవు మాత్రం అంచనాతో మార్చకండి.

చక్రం దగ్గర గాలి బయటికి వదిలే బ్లీడింగ్ నిప్పల్ మూసుకుపోయి ఉంటే స్ప్రే కొట్టి, సుత్తితో చిన్న దెబ్బలు వేసి, ముందు కొద్దిగా బిగించే వైపు కదిపి తర్వాత విప్పండి. విరిగితే తొలిచే ప్రయాస వద్దు, వీల్ సిలిండరే మార్చేయండి.

గాలి తీసేటప్పుడు ఇంజిన్ ఆపి ఉండాలి. వాల్వు మీద నిప్పల్ ఉంటే ముందు దానిది. ఆ తర్వాత మాస్టర్ సిలిండరుకి దూరంగా ఉన్న చక్రం నుంచి దగ్గరకి, మన కుడి స్టీరింగు బండికి వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. మీ బండి మాన్యువల్లో వరస వేరేగా ఉంటే అదే పాటించండి. నిప్పల్‌కి పారదర్శకంగా ఉండే సన్న గొట్టం తొడిగి రెండో కొస కొంచెం ఆయిల్ ఉన్న సీసాలో ముంచండి. కింద ఉన్నవాడు "తొక్కు" అన్నాక పైవాడు తొక్కి పట్టాలి. నిప్పల్ తెరిచి, బుడగలు పోయాక మూసి, అప్పుడే "వదులు" అనాలి. మూయకముందే వదిలితే వచ్చిన గాలి వచ్చినట్టే వెనక్కి పోతుంది. పాత బండిలో పెడల్ నేలదాకా తొక్కకండి. మాస్టర్ సిలిండరులో ఏళ్లుగా రబ్బరు తిరగని చోట తుప్పు గరుకు ఉంటుంది, రబ్బరు అక్కడిదాకా వెళ్తే చీరుకుపోతుంది. పెడల్ కింద ఓ చెక్కముక్క పెడితే చాలు. నాలుగైదు సార్లకోసారి డబ్బా చూస్తూ పోయండి, అది ఒక్కసారి ఖాళీ అయితే పని మళ్లీ మొదటికే. ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు పట్టేయకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండికి మాత్రం ఆ యూనిట్‌లోకి గాలి చేరితే స్కానరు కావాల్సి రావచ్చు.

అయ్యాక పెడల్ ఇంకా కిందికే ఉంటే వెంటనే గాలి మీద నెపం వేయకండి. రెండోసారి తొక్కినప్పుడు పైకొచ్చి రాయిలా గట్టిగా ఉంటే వెనక షూలకీ డ్రమ్ముకీ మధ్య ఖాళీ ఎక్కువైందన్నమాట, అడ్జస్టరు తిప్పాలి. స్పాంజిలా మెత్తగా ఉంటేనే గాలి.

షూలకి బ్రేక్ ఆయిల్ అంటి ఉంటే వాటిని పారేయండి, రెండు వైపులవీ కలిపి మార్చండి. పెట్రోలు పోసి కాల్చి మళ్లీ వేసే అలవాటు కొన్ని షెడ్లలో ఉంది. పైన ఆరినట్టు ఉంటుంది, రెండు బ్రేకులకి వేడెక్కగానే లోపలిది మళ్లీ ఊరుతుంది, ఒక చక్రం జారి బండి పక్కకి లాగుతుంది.

బ్రేక్ ఆయిల్ అనే పేరే చెడ్డది, అది ఆయిల్ కాదు. పేరు చూసి ఇంజినాయిల్ పోసేవాళ్లున్నారు. ఒక్క గుక్కెడు చాలు, లైనులో రబ్బరన్నది ప్రతిదీ ఉబ్బిపోతుంది, అప్పుడు అన్నీ మార్చాలి. సిలిండరు భాగాల్ని డీజిల్‌తో కడగకూడదనేదీ ఇందుకే. మూత మీద డాట్ 3 (బ్రేక్ ఆయిల్ రకం) అని ఉన్నా డాట్ 4 పోయొచ్చు, సిలికాన్ రకమైన డాట్ 5 మాత్రం కలపకూడదు. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. నీరు పీల్చి 3.7 శాతానికి చేరితే ఆ హద్దు 155కి పడిపోతుంది. డాట్ 3కి ఇవే 205, 140. వైజాగ్ తేమలో మూత తీసిన డబ్బా నెలల తరబడి గూట్లో పెట్టుకోవడం దండగ. అనంతగిరి ఘాటు దిగే బండికి ఆ 155 డిగ్రీలంటే పెద్ద దూరం కాదు. మీ పనికి ఏటా ఒకసారి ఆయిల్ మార్చడం నయం. ఎనిమిదేళ్లు దాటిన బండి కాబట్టి ఎలాగూ ఏటా ఫిట్‌నెస్‌కి వెళ్తుంది, దానికి ముందు పెట్టుకోండి.

పరీక్ష రోడ్డు మీద కాదు. ఇంజిన్ ఆన్ చేసి, రెండు నిమిషాలు బలమంతా పెట్టి తొక్కి పట్టండి. ఇంకొకరు ప్రతి నట్టుకీ తెల్లకాగితం చుట్టి చూడాలి, మరక వస్తే అది కారుతున్నట్టే. తర్వాత ఖాళీ జాగాలో నడక వేగంతో, ఆపైన ఇరవైలో, చివరికి లోడుతో చదును రోడ్డు మీద. సింహాచలం కొండ, ఘాటు రోడ్లు ఆ తర్వాతే.

బాడీలో కారే నీళ్లని ఒక గొట్టంతో ఆక్సిల్ వెనక్కి పోయేలా దారి పెట్టించండి, కొత్త పైపుకి దానికన్నా మేలు చేసేది లేదు. లోడు దింపిన రాత్రే అడుగున మంచినీళ్లు కొట్టండి. కాలిన ఇంజినాయిల్ అడుగంతా పూస్తారు కొందరు, అది రబ్బరు హోసుల్ని తినేస్తుంది, పూయనివ్వకండి. మొదటి వారం రోజూ పొద్దున్నే డబ్బా మట్టం దగ్గర మార్కరుతో గీత పెట్టి చూడండి. ముందు ప్యాడ్లు అరిగేకొద్దీ మట్టం నెలల మీద కొద్దిగా తగ్గడం మామూలే, వారంలో గీత కిందికి వస్తే మళ్లీ తెల్లకాగితం పట్టుకుని కిందికి దూరాల్సిందే.